నేను ఎత్తుకుంటే వాళ్లు అందుకున్నారు

వందమంది గొంతులను ఒక్క చూపుడువేలితో నడిపించినవాణ్ని నేను. వేలు లేస్తే పాట లేచేది. వేలు ముడిస్తే పాటతో పాటు గదిలో గాలి కూడా ఆగేది. ఒకసారి సాధన గది బయట వేపచెట్టు మీది కాకులు సైతం నా వేలు చూసి నోరు మూసుకున్నాయి.

వందమంది కాదు లెండి. ముప్పైమందికి కాస్త అటూ ఇటూ. పరీక్షల రోజుల్లో అందులో సగం. కాకుల విషయానికొస్తే, అది హాస్టల్ మెస్సులో భోజనాల వేళ. అవి అటు ఎగిరిపోవడమూ నేను వేలు ఎత్తడమూ ఒకేసారి జరిగాయి.

ఈ జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ముందు పెంచి చెబుతాను. ఆ తర్వాత మనసొప్పక తగ్గించుకుంటాను. మా ఆవిడది నూజివీడు దగ్గర మామిడి తోటలున్న కుటుంబం. "మీరు పాఠాలు చెప్పుకోవాల్సిన మనిషి కాదండీ. కాయల కొట్టు పెట్టుకోవాల్సింది. బుట్టలో పైవరస ఒకటి, కిందవరస ఒకటి" అంటుంది. పైన మంచి రసాలు పేర్చి అడుగున దెబ్బకాయలు నింపే వ్యాపారినని ఆమె ఉద్దేశం. ఇది చదివేవారు కూడా అడుగుదాకా చెయ్యి పెట్టి చూసుకోవడం మంచిది.

విశ్వవిద్యాలయంలో సంగీత శాఖాధిపతిగా పనిచేశానని ఊళ్లో చెప్పుకుంటాను. శాఖలో ఉన్నది నేనొక్కణ్నే కాబట్టి అది పూర్తిగా అబద్ధం కాదు. జంక్షన్‌లో బస్సు మారి వెళ్లాలి ఆ చోటికి. అందరూ ఇంజనీరింగు పిల్లలే. టైంటేబుల్లో మధ్యాహ్నం పూట ఒక గంట 'లలిత కళలు' అని ఉండేది. ఆ గంట నాది. మెట్ల కింద ఒక పొడవాటి గది, రెండు పంకాలు, ఒక హార్మోనియం, ఒక ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె. అదే శాఖ. రిటైరయ్యాక కూడా ఏటా కాంట్రాక్టు పొడిగిస్తూ నన్నే ఉంచారు. నా విద్వత్తు చూసి ఉంచారని రాద్దామనుకున్నాను. ఇంకెవరూ దరఖాస్తు పెట్టలేదు.

బృందగానాన్ని రెండు వరసలుగా, అంటే ఆడపిల్లలు పైస్థాయిలో ఒక దారిన, మగపిల్లలు కింద ఇంకో దారిన వెళ్లి చివర కలుసుకునేలా పాడించింది కృష్ణా జిల్లాలో నేనే మొదటివాణ్ని అని చాలా వేదికల మీద చెప్పాను. మా వీధి చివర చర్చిలో ప్రతి ఆదివారం అలాగే పాడతారు. వాళ్ల తాతల నాటి నుంచీ పాడుతున్నారు. నేను విన్నదీ అక్కడే, గోడ ఇవతల స్కూటరు ఆపుకుని.

నా అసలు చదువు మాత్రం మా నాన్నగారి దగ్గర. ఆయన గుడి సేవలో ఉండేవారు, భజన పెద్ద. భజనలో పద్ధతి చాలా సులువు. పెద్ద ఎత్తుకుంటాడు, మిగతావాళ్లు అందుకుంటారు. ముందు ఆయన గొంతు, దాని వెనక అర ఊపిరి దూరంలో ఊరి గొంతులు. రాగం రానివాడికి కూడా పాట వచ్చేసేది, చీకట్లో ముందువాడి భుజం పట్టుకుని నడిచినట్టు. నేను విశ్వవిద్యాలయంలోనూ అలాగే నేర్పాను. చేతులు ఊపడం తర్వాత వచ్చింది, విదేశీ బృందాల వీడియోలు చూసి. నల్లకోటు వేసుకున్న ఒక పెద్దమనిషి చేతులతో గాలిని పిసికి గొంతులు తీయడం చూశాక నాకూ మోజు పుట్టింది. అద్దం ముందు సాధన చేశాను. మా ఆవిడ చూసి, దోమలా అని అడిగింది.

అలా చేతులు ఊపుతూ పాడుతూ, పాడుతూ చేతులు ఊపుతూ చాలా ఏళ్లు గడిపాను. పిల్లలు నా చేతిని చూసి పాడుతున్నారని నమ్మాను. ఇది పెంచి చెప్పడం కాదు. నిజంగానే నమ్మాను.

ఆ ఏడు సంక్రాంతి సెలవులు అయ్యాక డీన్ మేడం పిలిచారు. మంచి మనిషి. చుట్టూ తిప్పి మాట్లాడటం రాదు.

"మాస్టారూ, జూన్ నుంచి ఎవరి కాంట్రాక్టూ పొడిగించడం లేదండీ. మీది కూడా."

"నా సంగతి సరేనండీ. గంట?"

"గంటే సమస్య. ఇంటర్వ్యూ ట్రైనింగ్‌కి కావాలని ప్లేస్‌మెంట్ వాళ్లు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. గది కూడా."

 ఆమె కాగితాల మీద పేపర్‌వెయిటు అటు జరిపి ఇటు జరిపారు.

"ఒక దారుందండీ. వార్షికోత్సవానికి కమిటీ వాళ్లు వస్తున్నారు. మాస్టారు లేకుండా పిల్లలు వాళ్లంతట వాళ్లు పాడగలరని కనపడాలి. విద్యార్థులు నడుపుకునే బృందం అయితే ఖర్చేం లేదు కదా. గంటా గదీ ఉంచమని నేను గట్టిగా అడుగుతాను. పాడగలరా?"

"నేను నిద్రపోతున్నా పాడతారండీ నా పిల్లలు" అన్నాను.

ఆ వారంలోనే నా గొంతు పోయింది.

మామిడి పూత మీదున్న రోజులు. తెల్లారి మంచు, పురుగుమందు వాసన, బస్సులో తలుపు లేని వైపు సీటు. మొదట బొంగురు, తర్వాత గాలి. విజయవాడలో గొంతు డాక్టరు సన్నటి గొట్టం దింపి చూసి, స్వరతంత్రుల మీద వాపు ఉందన్నాడు. "మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు. గుసగుస ఇంకా చెడ్డది. వార్షికోత్సవమా? అది అయ్యేదాకా ఒక్క ముక్క వద్దు. ఈ వయసులో మళ్లీ రేగితే నా చేతుల్లో ఉండదండీ" అన్నాడు.

మా ఆవిడ ఆ సాయంత్రం రెండుసార్లు కాఫీ ఇచ్చింది. "ఎన్నాళ్లకండీ, ఈ ఇంట్లో నా మాట నాకు వినపడుతోంది" అంది.

నేను దిగులు పడలేదు. నడిపించేవాడికి గొంతుతో పనేమిటి, చేతులున్నాయి కదా! ఫోనులో టైపు చేసి చూపిస్తే చదివి వినిపించడానికి ఒక పిల్లను పెట్టుకున్నాను. బాపులపాడు వైపు పిల్ల, ఆఖరి సంవత్సరం. రైతుల ఇంటి పిల్ల. పొలం గట్టు మీద నుంచి పిలిస్తే అవతలి చేలోకి వినపడే గొంతు. పైవరసకు ఆమే పెద్ద దిక్కు.

మొదటి రోజు శ్రుతి పెట్టె పెట్టాను. అందరూ లేచి నిలబడ్డారు. చెయ్యి ఎత్తాను. మణికట్టు తిప్పి, వేలు చాచి, ఆ నల్లకోటు పెద్దమనిషికి కూడా చేతకానంత అందంగా దించాను.

ఏమీ రాలేదు.

మళ్లీ దించాను. ముప్పై జతల కళ్లు నా నోటి మీదున్నాయి. వెనక వరసలో ఎవడో గట్టిగా ఊపిరి పీల్చి, ఒంటరివాణ్నని తెలుసుకుని దగ్గాడు.

"మొదలెట్టండి మాస్టారూ" అన్నాడు ఒకడు.

"మాస్టారు మాట్లాడకూడదురా" అంది బాపులపాడు పిల్ల.

"మరి ఎవరు మొదలెడతారు?"

నేను గబగబా టైపు చేశాను. ఆమె చదివింది. "చెయ్యి దించాను కదా, చూడలేదా అంటున్నారు."

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ దగ్గినవాడే చాలా మర్యాదగా చెప్పాడు. "చెయ్యి మీరు ఎప్పుడూ ఊపుతారు కదండీ. అది మీ అలవాటు అనుకున్నాం. మేం మీ గొంతు పట్టుకుని వస్తాం మాస్టారూ."

అందరూ తలలూపారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఆ ఆదివారం మా బావమరిది తోటకు వెళ్లాను. చెట్లు ఆకు కనపడకుండా పూసి ఉన్నాయి. వాడు ప్రతి ఏడూ పూత మీదే తోట కాపు అమ్మేస్తాడు. కాయ దాకా ఆగడు. నేను జరిగినదంతా టైపు చేసి ఇచ్చాను. వాడు ఫోను చేతులు చాచినంత దూరం పెట్టి, కళ్లు చికిలించి, పైకి చదివాడు. అయ్యాక చాలాసేపు నవ్వాడు.

"బావా, ఇన్నేళ్లూ నువ్వు చేతులూపింది ఎవరి కోసంరా అయితే?"

మా మధ్య అలాంటి చనువుంది.

"నవ్వకు" అని టైపు చేశాను.

"నవ్వక? మేమంటే తెలిసే పూత మీద అమ్ముతాం. కొనేవాడికీ తెలుసు అది పూతేనని. నువ్వు ఆ మేడంగారికి పూత చూపించి పండ్లని చెప్పావు. పాపం, ఆవిడ బుట్ట పట్టుకుని కూచుంది."

తిట్టడానికి నాకు గొంతు లేకపోయింది.

ముందు బాపులపాడు పిల్లను ఎత్తుకోమన్నాను. ఆమె ఎత్తుకుంది, అందరూ అర ఊపిరి వెనక అందుకున్నారు. బ్రహ్మాండంగా ఉంది. రెండో రోజుకు నాకు అర్థమైంది, నా జబ్బే ఇంకో గొంతులోకి మారిందని. ఆ పిల్ల కూడా జూన్లో వెళ్లిపోతుంది. ఆమె తర్వాత మళ్లీ ముప్పైమంది నోళ్లు తెరుచుకుని నిలబడతారు.

ఇక మిగిలింది ఊపిరి ఒక్కటే. గుండ్రంగా నిలబెట్టాను. కళ్లు మూసుకోమన్నాను. పక్కవాడి ఊపిరి వినమన్నాను. అందరూ కలిసి పీల్చడం, అది నిండిన చోట ఎవరూ చెప్పకుండా పల్లవి పుట్టడం. చెప్పడానికి ఒక ముక్క. చేయబోతే ఒకడు ముందు, ఇద్దరు తర్వాత, మిగతావాళ్లు నవ్వు. పచ్చిమామిడి పిందెలు ఉప్పూకారం అద్దుకుని తిని వచ్చేవారు, గొంతు చెడుతుందని ఎంత మొత్తుకున్నా. మొత్తుకోవడం కూడా టైపులోనే కాబట్టి వాళ్లకు భయం లేదు. వార్షికోత్సవం దగ్గర పడుతోంది. రోజూ బస్సులో కూర్చుని, ఇంక రేపు మానేద్దాం అనుకునేవాణ్ని.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. పంకాలు ఆగాయి. శ్రుతి పెట్టె కూడా ఆగింది. చెమటలు కారుతున్న ముఖాలతో, కళ్లు మూసుకుని, చిరాగ్గా నిలబడి ఉన్నారు. నేను చెయ్యి కూడా ఎత్తలేదు, పుస్తకంతో విసురుకుంటున్నాను. గదంతా ఒక్కసారి లోపలికి పీల్చుకున్నట్టయింది. పాట మొదలైంది.

ఎవరు మొదలుపెట్టారో చెప్పలేను. ఎవరూ పెట్టలేదు. నా వీపు గోడకు ఆనింది. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఒకే స్వరం, నేను లేని స్వరం. గోడలు కదిలాయని, కరెంటు దానంతటదే వచ్చిందని నూజివీడులో చాలామందికి చెప్పాను. కరెంటు రాలేదు. పాట కూడా మొదటి పంక్తి దాటాక మగపిల్లల వరసలో జారిపోయింది. కానీ మొదలైంది. అది మాత్రం బుట్ట అడుగున వెతికినా అలాగే ఉంటుంది.

తర్వాత సాధనల్లో రెండుసార్లకు ఒకసారైనా కుదిరేది. అది చాలనుకున్నాను.

వార్షికోత్సవం రోజు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరసలో కమిటీవాళ్లకు తెల్లగుడ్డ కప్పిన సోఫాలు. నన్ను సోఫాల వెనక వరసలో కూర్చోమన్నారు. ఒప్పందమే అది, మాస్టారు లేకుండా పాడటం. కానీ నేను మేడం దగ్గరకు వెళ్లి ఫోను చూపించాను. "వేదిక పక్కన నిలబడతానండీ. కనపడను. చెయ్యి కూడా ఎత్తను. పిల్లలకు ధైర్యం."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "సరేనండీ, తెర పక్కన" అన్నారు. ధైర్యం పిల్లలకు కాదని ఆమెకు తెలిసి ఉంటుంది.

పిల్లలు అర్ధచంద్రంగా నిలబడ్డారు. శ్రుతి పెట్టె ముందు మైకు పెట్టారు. షడ్జమం షామియానా అంతా పరచుకుంది. బాపులపాడు పిల్ల కళ్లు మూసుకుంది. ఒకరి తర్వాత ఒకరు అందరూ కళ్లు మూసుకున్నారు. పక్కవాడి ఊపిరి వింటున్నారు. భుజాలు లేవడం చూశాను. అందరివీ ఒకేసారి లేచాయి.

ఊపిరి నిండాక, పాట పుట్టేముందు ఒక చోటు ఉంటుంది. అక్కడ ఏమీ ఉండదు. గదిలో అది రెప్పపాటు. ఆ రోజు వేదిక పక్కన అది ఎంత పొడవుందో నాకు ఇప్పటికీ తెలియదు. సోఫాలో ఒకాయన వాచీ చూసుకున్నాడని గుర్తు. వీళ్లకు రాదు, రాలేదు, ఇంక రాదు అనిపించింది. అప్పుడు ఎవరో పాడటం మొదలుపెట్టారు.

నేనే.

ఆ గొంతు గొంతులా లేదు. తుప్పు పట్టిన గేటు తెరిచినట్టుంది. శ్రుతికి చాలా కిందుగా, పక్కకు ఒరిగి. పిల్లలు విన్నారు. ఇన్నేళ్ల అలవాటు వాళ్ల వెన్నులో ఉంది కదా. శ్రుతి పెట్టె మైకులో మోగుతూనే ఉంది, వాళ్లు దాన్ని వదిలేశారు. అర ఊపిరి వెనక నన్ను అందుకున్నారు. నేనున్న చోటికి, ఆ పాడైపోయిన చోటికి, మొత్తం దిగివచ్చారు. పెట్టె ఒక దారిన, మేం ఒక దారిన.

బాపులపాడు పిల్ల ఒక్కతే అసలు శ్రుతి మీద నిలబడింది. ఒక పంక్తి అలా ఒంటరిగా పైన పాడింది. కళ్లు తెరిచి నా వైపు చూసింది. అప్పటికి నా గొంతు మొత్తం ఆగిపోయింది, పెదవులు మాత్రం ఆడుతున్నాయి. ఆమె కూడా కిందకు వచ్చేసింది. తప్పని తెలిసే వచ్చింది.

చప్పట్లు కొట్టారు. వార్షికోత్సవాల్లో అన్నిటికీ కొడతారు. కమిటీలో ఒకాయన, "పెద్దాయన ఈ వయసులో కూడా దగ్గరుండి పాడించారు" అని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలే తీర్పు.

మేడం తర్వాత తెర వెనకకు వచ్చారు.

"మొదలెట్టబోయారండీ వాళ్లు" అన్నాను. గాలి తప్ప ఏం వచ్చిందో.

"చూశానండీ. భుజాలు లేచాయి" అన్నారు. కాసేపు నా పక్కనే నిలబడ్డారు. "మాట్లాడకండి మాస్టారూ. గొంతుకు మంచిది కాదు."

 ఆ దగ్గినవాడు నాకు మంచినీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు.

జూన్ నుంచి ఆ గదిలో ఇంటర్వ్యూ ట్రైనింగు. హార్మోనియం స్టోర్‌రూములో ఉందట. శ్రుతి పెట్టె నాకు ఇచ్చేశారు, జ్ఞాపకంగా. మా బావమరిది తోటలో ఆ ఏడు తేనెమంచు పురుగు పట్టి పిందె నిలవలేదు. పూత మీద కొన్నవాడు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. వాడు మళ్లీ కొనడానికి వస్తాడా అంటే, "ఎందుకు రాడు బావా, చెట్టు మళ్లీ పూస్తుందిగా" అన్నాడు మావాడు. నా ముఖం చూసి మాట మార్చాడు.

నా గొంతు తిరిగి రాలేదు. డాక్టరు తిట్టి తిట్టి, చివరకు తిట్టడం మానేశాడు. మాట వస్తుంది, బొంగురుగా. స్వరం నిలవదు. పోటీ పడలేక నా బృందాన్ని పెద్దలు కుట్ర చేసి మూయించారని బస్టాండు దగ్గర టీ కొట్లో చెబుతుంటాను. విన్నవాళ్లు పాపం అంటారు. ఇక్కడ మాత్రం అలా రాయడానికి చెయ్యి రాలేదు.

మొన్న వానల్లో బాపులపాడు పిల్ల ఫోను చేసింది. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. ఆఫీసులో ఏదో వేడుకట. పదిమందిని పోగుచేసి మా పాటే నేర్పిందట.

"అందరూ ఇక్కడే ఉన్నారు మాస్టారూ, స్పీకర్లో పెట్టాను. ఎంత చేసినా కలిసి మొదలవట్లేదండీ. నేనెత్తుకుంటే నా వెనకే వస్తున్నారు. మీరొక్కసారి ఎత్తుకోండి, చాలు. మీ గొంతు ఎలా ఉన్నా ఫర్లేదు."

నేను మంచం అంచు మీద కూర్చున్నాను. నోరు తెరిచాను. గొంతు లేక కాదు, ఎలాంటిదో ఒకటి వచ్చేదే. మూసుకున్నాను. ఆ ఖాళీ చోటు మళ్లీ వచ్చింది, ఈసారి ఫోనులో. నేను దాన్ని ముట్టుకోలేదు. జీవితంలో మొదటిసారి అక్కడ ఏమీ చేయకుండా ఉన్నాను. అవతల ఊపిర్లు వినపడ్డాయి. ఆ తర్వాత, నా ప్రమేయం లేకుండా, పదిమంది గొంతులు ఒక్కటై లేచాయి.

లేదు. లేవలేదు. లేస్తాయని చాలాసేపు చెవి ఆనించి ఉంచాను.

"హలో? మాస్టారూ? వినపడుతోందాండీ?" అంది ఆమె. పక్కనెవరో ఏదో అడిగారు. "సిగ్నల్ లేనట్టుంది. పెద్దాయన కదా, తర్వాత చేద్దాంలే" అని వాళ్లతో చెప్పింది.

"పోనీ నెట్‌లో ఈ పాట ట్రాక్ పెట్టేద్దాం" అన్నాడెవడో.

ఆమె ఫోను కట్ చేయడం మరిచిపోయింది. ట్రాక్ మొదలైంది. వాళ్లు అందుకున్నారు.